కుక్కర్ విజిల్ వాల్యూమ్

అమీర్‌పేటలో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది, కాబోయే మామగారిని మెప్పించడానికి తప్ప. అందుకే నవీన ఆ పని తనే మీద వేసుకుంది. ఆమె అక్కడ ఒక మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతుంది. తను ప్రేమించిన దినేశ్‌కి మాత్రం మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర, రోజూ సాయంత్రం అరగంట ప్రత్యేక క్లాసు.

సంగతేమిటంటే, నవీన వాళ్ల నాన్న రాజనర్సయ్య ముప్పై మూడేళ్లు తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే చేతిలో ఒక చిన్న వస్తువు పెట్టి, దాని ఘనపరిమాణం అడగాలని ఆయన సిద్ధాంతం. స్కేలు ఇవ్వడు, నీళ్లలో ముంచనివ్వడు. కంటితో చూసి చెప్పాలి. అంతకుముందు పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి సబ్బుబిళ్ల అరలీటరన్నాడు. అతన్ని చాయ్ కూడా పూర్తిగా తాగనివ్వలేదు.

"పొడుగు, ఎడల్పు, ఎత్తు. మూడూ గుణించు. గుండ్రంగుంటే జర తగ్గించు. అంతే," అనేది నవీన.

మొదటి రెండు రోజులూ దినేశ్ వస్తువును వదిలేసి ఆమె కళ్లను చూస్తూ జవాబులు చెప్పాడు. అగ్గిపెట్టె రెండు లీటర్లయింది. మూడో రోజు వాన పడి ఇద్దరూ ఒకే గొడుగు కిందికి చేరారు. దాని కింద చోటు చాలా తక్కువని తేలింది. ఆ లెక్క ఇద్దరికీ బాగా నచ్చింది. వారం తిరిగేసరికి అగ్గిపెట్టె పాతిక సీసీకి దిగివచ్చింది.

ఆదివారం ఉదయం పంజాగుట్టలో నవీన వాళ్లింట్లో పరీక్ష. రాజనర్సయ్య వంటింట్లోకి వెళ్లి, కుక్కర్ విజిల్ తెచ్చి దినేశ్ అరచేతిలో పెట్టాడు.

"గీని వాల్యూమ్ ఎంతుంటది?"

వారమంతా నవీన ఘనపరిమాణం అనే అంది. దినేశ్ పనిచేసేదేమో కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో, సౌండ్ ఇంజనీర్‌గా. వాల్యూమ్ అనే మాట రోజుకు వందసార్లు వింటాడు, ఒక్క అర్థంలోనే.

"ఎనభై అయిదు, అంకుల్," అన్నాడు ధీమాగా.

"గింత దానికి ఎనభై అయిదా?"

"దగ్గర నిలబడితే. గీ హాల్లకొస్తే డెబ్బై. తలుపు పెడితే ఇంకా తగ్గుతది."

రాజనర్సయ్య విజిల్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పట్టుకుని చూశాడు. తలుపు మూస్తే తగ్గే వస్తువు ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయనకు తగల్లేదు.

"తలుపు పెడితే గిది చిన్నగైతదా?"

"అయితది అంకుల్. కిటికీ తీస్తే పక్కింటోళ్లకు సుత పోతది."

నవీన చున్నీలో మొహం దాచుకుంది. రాజనర్సయ్య జాలిగా చూస్తూ దినేశ్ ముందున్న చాయ్ కప్పు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వెలిగింది దినేశ్‌కి. "అంకుల్, మీరు సైజ్ అడిగిన్రు, నేను మోత చెప్పిన. తప్పు నాదే. కానీ మోత మాత్రం కరెక్టు. కావాలంటే కొలవుండ్రి," అంటూ ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ తెరిచాడు.

కొలవండి అన్న మాటకు రాజనర్సయ్య చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. జీవితంలో ఆయన కాదనలేని మాట అదొక్కటే. విజిల్ లేక పప్పు ఉడకడం లేదని వంటింట్లోంచి నవీన వాళ్లమ్మ భూలక్ష్మి అప్పటికే మూడుసార్లు కేకేసింది. ముగ్గురూ వెళ్లి విజిల్ పెట్టి, ఆమెతో కలిసి ఫోటో దిగుతున్నట్టు వరసగా కుక్కర్ ముందు నిలబడ్డారు.

విజిల్ మోగింది. ఆ మోతలో మామగారికి వినబడదన్న ధైర్యంతో దినేశ్ ఫోన్ చేతిలో పట్టుకునే నవీన వైపు వంగి అరిచాడు. ఫెయిలైనా పోనని, రేపు మళ్లీ వస్తానని చెబుతుండగానే కుక్కర్ టక్కున ఆగింది. మిగతా సగం వంటిల్లంతా వినబడింది.

"నువ్వు లేకుంటే నాకు నడవదు నవీనా."

రాజనర్సయ్య ఫోన్ అందుకుని కళ్లజోడు పైకి జరుపుకున్నాడు.

"కుక్కర్ ఎనభై నాలుగు. ఒక్కటే తేడా," అన్నాడు మెల్లగా. తరవాత ఆయన వేలు ఇంకా ఎత్తయిన గీత దగ్గర ఆగింది. "మరి గీ తొంభై ఒకటి ఏంది?"

"అది అల్లుడు," అంది భూలక్ష్మి, పొయ్యి మంట తగ్గిస్తూ.

రాజనర్సయ్య ఆ అంకెను మళ్లీ చదివాడు. పరికరం చూపించినదాన్ని ఆయన ఏనాడూ కాదనలేదు.