మాటల్లేని క్యాసెట్

సిరిసిల్ల నేతగాళ్ల గల్లీలో తెల్లవారిందంటే సాంచెల, అంటే మరమగ్గాల, మోత మొదలైనట్టే. ఓదెలు ఇంట్లో ముందు గదిలోనే రెండు సాంచెలు. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక సంగీతం ఎక్కడ వినపడుతుంది? అందుకే ఆ ఇంటి కోడలు నీల కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉండేది. గల్లీ అంతా కరెంటోళ్లను తిట్టుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం లోలోపల దండం పెట్టుకుని సెల్లులేసిన టేప్‌రికార్డర్ ముందు కూర్చునేది.

ఆమె వినే సంగీతం క్యాసెట్ దుబాయి నుంచి వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకే అక్కడికి పోయిన ఆమె భర్త బాలకిషన్ ఉత్తరాలు రాయడు, క్యాసెట్లో మాట్లాడి పంపుతాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వింటారు. ఆఖర్న "నీల మంచిగున్నదా?" అంటాడు. అందరి ముందర అంతకంటే ఏమంటాడు పాపం. విన్నాక అదే క్యాసెట్ మీద ఓదెలు జవాబు నింపి తిప్పి పంపుతాడు. గల్లీలో ఎవరింట్లోనైనా అదే పద్ధతి.

ఈసారి క్యాసెట్లో ఒక్క మాటా లేదు.

"జపానోళ్ల బొమ్మల సినిమాల సంగీతమట. వందమంది ఒక్కతాన కూసొని వాయిస్తరట. వాళ్ల సాబును అడిగి నింపుకున్నడు. నీలకియ్యుమన్నడు," అని చెప్పి, దుబాయి నుంచి సెలవు మీద వస్తూ దాన్ని తెచ్చిన కోరుట్ల నారాయణ చాయ తాగి వెళ్లిపోయాడు.

ఆ సినిమాల కథలేమిటో నీలకు తెలియదు. మొదట పియానో ఒక్కటే మెల్లగా, ఎవరినీ లేపకుండా ఇంట్లోకి వస్తున్నట్టు వచ్చేది. తర్వాత వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచేవి. అవి లేచిన ప్రతిసారీ ఆమెకు పెళ్లయిన కొత్తలో కొండగట్టు ఎక్కిన బస్సు, కిటికీ పక్కన తామిద్దరూ గుర్తొచ్చేవారు. ఏడుపూ వచ్చేది, హాయిగానూ ఉండేది.

ఆ పొద్దున కరెంటు పోగానే, నీల బిందెతో నీళ్లు పట్టుకుని గబగబా ఇంటికొచ్చింది. ఓదెలు టేప్‌రికార్డర్ మీదికి వంగి, "కొడుకా, ఈడ వానలు మంచిగ పడ్డయి," అంటున్నాడు. రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి ఉంది.

నీల బిందె దించకుండానే మీట ఆపింది. వెనక్కి తిప్పి పెడితే పియానో లేదు. మామ దగ్గు, వానల సంగతి. అవయ్యాక, నడుమ నుంచి వయొలిన్లు.

"ఎందుకు నింపినవ్ మామా?"

"ఎప్పుడు నింపేటిదే గద బిడ్డా. నిన్న పోలీసోళ్లు మూలమీది ఇంట్ల క్యాసెట్లన్ని పట్కపోయిండ్రు, నక్సలైటు అన్నల పాటలున్నయని. మాటల్లేని క్యాసెట్ ఏందని అడిగితే ఏం చెప్తం? మన గొంతుంటే భయముండదనుకున్న."

"నన్నొక్క మాట అడగకపోతివి."

"వాడు మాకొక్క మాట పంపిండా? కన్న అవ్వ ఎట్లున్నదని గూడ అడగకపాయె," అన్నాడు ఓదెలు. ఆ గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ.

ఎన్నడూ ఎదురు చెప్పని నీల ఆ రోజు తల దించుకోలేదు. "మాటలన్ని మీకే పంపిండు మామా. నాకు గిదొక్కటే పంపిండు. మీ అందరి ముంగట నాతోటి ఏం మాట్లాడుతడు? గందుకే గిది పంపిండు. నువ్వు దీన్నిగూడ చెరిపితివి."

అత్త లసుమవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "పిల్ల నిజమే అన్నదయ్యా. మొగడు పెండ్లాల నడుమల మనమే కూసున్నం."

ఓదెలు టేప్‌రికార్డర్‌ను నీల వైపు జరిపాడు. "మిగిలింది పెట్టు బిడ్డా," అన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, గుళ్లో కూర్చున్నట్టు బుద్ధిగా విన్నాడు. వయొలిన్లు లేచినప్పుడు గడ్డం కింద ఏదో తుడుచుకున్నాడు.

అంతలో కరెంటు వచ్చింది. గల్లీ పొడుగునా సాంచెలు మొదలయ్యాయి. ఓదెలు మాత్రం తన సాంచెల దిక్కు పోలేదు. పెట్టెలోంచి ఖాళీ క్యాసెట్ తీసి నీల ముందు పెట్టాడు. "చెడగొట్టింది నేనే అని చెప్పు. మల్ల నింపి పంపుమను. ఇంకేమన్న చెప్పుకునేదుంటే చెప్పుకో." లసుమవ్వను బయటికి రమ్మని, తలుపు దగ్గరికి వేశాడు.

అరుగు మీద అతను కూర్చున్నాడో లేదో పొరుగింటి రాజవ్వ గొంతు వినిపించింది. "ఏంది ఓదెలన్నా, సాంచెలు బందువెట్టినవ్?"

"సాంచె తిప్పే పట్టా తెగింది."

"రెండిటికా?"

"రెండిటికి తెగింది. నువ్వు వోయి నీ పని చూసుకో."

లోపల నీలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొహం తుడుచుకుని, ఖాళీ క్యాసెట్ వేసి ఎర్ర మీట నొక్కింది.

"నేనే," అంది మెల్లగా. "ఒక్కదాన్నే ఉన్న."