జారని కళ్ళజోడు

సొరంగం దాటగానే బావ కళ్ళజోడు జారింది. దాని కాళ్లను హెల్మెట్ ముందున్న గాలి కన్నాల్లో దూర్చి ఉంచాడు. జారుతున్నదాన్ని పట్టుకోబోయి సైకిల్ హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీశాడు. పక్కన తొక్కుతున్నవాడు గాలిపంపు తీసి అతని మెడకు ఆనించాడు. అది గాలిపంపు కాదు. తూటా గొంతు చీల్చుకుని బయటికొచ్చింది. సైకిలూ మనిషీ కలిసి లోయలోకి దొర్లిపోయారు.

"పోస్ట్‌మార్టమ్ చూశావుగా?" అన్నాడు చీఫ్.

"చూశాను సార్."

ఎదుట కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్ అంతా పిచ్చుక అంటుంది. చచ్చిపోయినవాడు ఆమె సొంత అక్క మొగుడు.

"విదేశీ ముఠా టార్గెట్ మన మిస్సైల్ సైంటిస్ట్. మీ బావ ఆయనకి కాపలా ఉన్నాడని ముందు అతన్ని తీసేశారు. అయినా రేపటి సైకిల్ రేసులో తొక్కి తీరతానంటున్నాడు ఆ సైంటిస్ట్ పెద్దమనిషి. చెబితే వినే రకం కాదు." చీఫ్ ఒక నల్ల కళ్ళజోడు ముందుకు తోశాడు. "హంతకుడి జెర్సీ మీద మన డబుల్ ఏజెంట్ కంటికి కనబడని రంగు చల్లాడు. ఈ అద్దాల్లోంచి చూస్తేనే పచ్చగా మెరుస్తుంది. రేసు దారిలో మీ బావ దాటిన సొరంగమే వస్తుంది, అందులో వీటితో నీకేమీ కనబడదు. తీసి హెల్మెట్‌కి తగిలించు, బయటపడగానే పెట్టుకో."

"అక్కకేం చెప్పమంటారు?"

"పనయ్యాక చెప్పు తల్లీ."

మర్నాడు పొద్దున్నే పిచ్చుక సైకిల్ షాపుకి వెళ్లింది. రేసు మొదలయ్యే వీధిలోనే ఉందది. యజమాని మాజీ ఛాంపియన్. నవ్వితే ఆడవాళ్లు చేతిలో ఉన్నది వదిలేసేంత అందగాడు. మన డబుల్ ఏజెంట్ అతనే.

"కళ్ళజోడు నిలిచే హెల్మెట్ కావాలి," అంది పిచ్చుక.

"నిటారుగా పెడతారా, తలకిందులుగానా?"

"వానొస్తే తలకిందులుగా."

కోడ్ కలిసింది. అతను నల్ల హెల్మెట్ తెచ్చాడు. "మీకోసమే తీసిపెట్టాను. దూదిలా ఉంటుంది."

ఆమె పెట్టుకుని, వెనక మర బిగించి, కన్నాల్లో కళ్ళజోడు దూర్చింది. తల వంచి విదిలించింది. కళ్ళజోడు జారి చేతిలో పడింది. తెల్లది ప్రయత్నించింది. లోపలి పట్టీ అడ్డొచ్చి కళ్ళజోడు కాళ్లు కణతల్లో గుచ్చుకున్నాయి. ఎర్రది పెట్టుకుని గెంతింది, తల ఊపింది. కదల్లేదు. చూడకుండానే ఒంటిచేత్తో తీసింది, ఒంటిచేత్తో పెట్టింది.

"ఇదే."

"అది బరువు మేడమ్. నా మాట విని నల్లదే తీసుకోండి."

ఆ బతిమాలడం ఆమెకు నచ్చలేదు. నల్ల హెల్మెట్ కన్నంలో వేలు పెట్టి చూసింది. జారకుండా పట్టుకోవాల్సిన రబ్బరు మీద నూనె.

"మా బావకి అమ్మింది కూడా నువ్వేనా?"

అతని నవ్వు చెరగలేదు. చెయ్యి మాత్రం కదిలింది. స్క్రూడ్రైవర్ ఆమె కంటికి గురి తప్పి చెవిని చీల్చింది. ఆమె ఆ మణికట్టును ఒడిసిపట్టి, బల్లకు బిగించిన ఇనప వైస్ దవడల మధ్య ఇరికించి పిడి తిప్పింది. ఎముకలు పటపటమన్నాయి.

"ఎవడు వాడు?"

"తెలీదు, ఒట్టు!" అని కేకపెట్టాడు. "పార్సిల్‌లో వచ్చిన జెర్సీ మీద చల్లి పంపాను, మనిషిని చూళ్లేదు. రంగు నిజమే! మీకిచ్చిన మాటా తప్పలేదు, కళ్ళజోడు జారేలా చేస్తానని వాళ్లకిచ్చిన మాటా తప్పలేదు..."

బయట విజిల్ మోగింది. ఆమె పిడిని ఇంకో చుట్టు తిప్పి, ఎర్ర హెల్మెట్‌తో పరుగెత్తింది.

తన సైకిలెక్కి రేసు గుంపును అందుకునేసరికి సొరంగం వచ్చేసింది. చెవినుంచి కారిన నెత్తురు కాలర్‌లోకి ఇంకుతోంది. కళ్ళజోడు తీసి కన్నాల్లో గుచ్చింది. లోపల గతుకుల రోడ్డు. పళ్లు కదిలిపోతున్నాయి గాని కళ్ళజోడు ఇసుమంత కదల్లేదు. వెలుగు తగలగానే లాగి పెట్టుకుంది.

పచ్చటి వీపు! సైంటిస్ట్ పక్కనే కబుర్లాడుతూ తొక్కుతున్న నెరిసిన జుట్టాయన. అతని చేతిలో గాలిపంపు అప్పుడే మెడకేసి లేస్తోంది.

రివాల్వర్ తీసే వ్యవధి లేదు. సైంటిస్ట్ వెనక చక్రాన్ని తన చక్రంతో గుద్దింది. ఆయన కాలవలోకి ఎగిరి పడ్డాడు. తూటా గాలిలోకి పోయింది. నెరిసినవాడు వెనక్కి తిరిగి రెండోది పేల్చాడు. అది ఆమె భుజంలో దిగింది. ఆమె ఆగలేదు. వాడి ముక్కు మీద తలతో మోది, పంపు పట్టుకుని వాడి గడ్డం కిందికి మెలిపెట్టింది. మూడోది పేలింది. పిట్టగోడ మీంచి శవం లోయలోకి జారిపోయింది.

అక్క మొహం గుర్తొచ్చి పిచ్చుక రోడ్డు మీదే కూలబడింది.

కాలవలోంచి సైంటిస్ట్ బురద దులుపుకుంటూ పైకొచ్చాడు. కళ్లలో, చెవుల్లో బురద పడి జరిగిందేదీ చూడలేదు, వినలేదు. కళ్లు తుడుచుకుని, గీరుకుపోయిన మోకాలు చూసుకుని ఉరిమాడు.

"ఏమ్మా, బ్రేకెయ్యడం కూడా రానిదానివి రేసులకెందుకు వస్తావ్?"