బొంత మధ్యలో ఎర్ర ముక్క

నానమ్మ కుట్టిన ఆఖరి బొంతను పాడుచేసింది అత్త. ఆ ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

నానమ్మ పోయాక అత్త ఆ బొంతను బకెట్లో నానబెట్టింది. చూసుకోకుండా ఒక ఎర్ర తువ్వాలు కూడా అందులోనే వేసింది. తెల్ల ముక్కలన్నిటికీ రంగు అంటుకుంది. అత్త ఆ మరకలు లోపలికి పోయేలా బొంతను మడిచి, బీరువా అడుగున తోసేసి, నోరు మెదపలేదు. చలికాలం వచ్చాక అది తాతయ్య చేతికి దొరికింది.

అప్పట్నుంచి అత్త ఎప్పుడొచ్చినా తాతయ్య మాట్లాడేది రెండు మాటలే. "వచ్చావా?" "వెళ్తున్నావా?"

ఇప్పుడు అత్తకి పాప పుట్టింది. తాతయ్య బొంత మొదలుపెట్టాడు.

"బిడ్డకి కుడుతున్నా. దానికి కాదు," అని అందరికీ ముందే చెప్పేశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బొంత ముందుగది నిండా పరిచి ఉంది. నాన్న పాత చొక్కాలు, చిరిగిన దుప్పట్లు, దిండు గలేబులు, అన్నీ ముక్కలై అందులో చేరాయి. తాతయ్య చివరి వరస కుడుతున్నాడు. మనవరాలు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆ పిల్లని ఇంటిల్లిపాదీ రైలుబండి అంటారు. అన్నం తిన్నా, లెక్కలు చేసినా పరుగే.

బొంత మధ్యలో ఉన్న ఎర్ర ముక్క రైలుబండి ఇచ్చిందే. బళ్ళో నాటకానికి కొన్న గుడ్డలో మిగిలింది.

ఇచ్చిన రోజు తాతయ్య దాన్ని పాముని చూసినట్టు చూశాడు.

"కొత్త ఎరుపు. రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టు. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించు. అప్పుడే బొంతలో పెడతా."

ఆ పిల్ల గుడ్డని కుళాయి కింద పట్టింది. ఎర్రటి నీళ్ళు కారాయి. ఇంతలో బయట నుంచి స్నేహితులు కేక వేశారు. కుళాయి కట్టేసి, గుడ్డ పిండి, ఎండలో పడేసి పరుగెత్తింది.

మర్నాడు తాతయ్య అడిగాడు. "నీళ్ళు తేటగా వచ్చాయా?"

"ఆఁ."

"సరే. నువ్వు చెప్పావుగా," అని ముక్క తీసుకున్నాడు.

ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది. తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నప్పుడు రైలుబండి వేలు తడిచేసి, ఎర్ర ముక్క మీద మెల్లగా రుద్దింది. వేలు ఎర్రగా అయింది.

వేలు గౌను వెనక దాచుకుంది.

"దారం ఎక్కించమన్నానా?"

ఎక్కించబోతే దారం సూది పక్కకి పోయింది. మళ్ళీ పక్కకే పోయింది.

"ఏమైందే రైలుబండీ? పట్టాలు తప్పావా?"

ఆ పిల్లకి నవ్వు రాలేదు. చెప్పేస్తే? అత్తతో రెండు మాటలు మిగిలాయి. తనతో ఒక్కటైనా మిగులుతుందా?

సాయంత్రం అత్త పాపని ఎత్తుకుని వచ్చింది.

"వచ్చావా?" అన్నాడు తాతయ్య.

అత్త బొంతని చేత్తో నిమిరింది. "ఎంత బాగుంది నాన్నా! ఇంటికెళ్ళగానే ఒకసారి ఉతికి, పాపకి కప్పుతాను."

"ఉతుకుతావా? నీ ఉతుకుడు సంగతి నాకు తెలుసులే."

అత్త ముఖం చిన్నబోయింది. బొంత మడిచి సంచిలో పెట్టుకుంది.

రైలుబండికి అప్పుడు తట్టింది. రంగు దిగేది అత్త బకెట్లో. పాడుచేసింది అత్తే అంటారు. తనని ఎవరూ అనుమానించరు.

బతికిపోయాను అనుకుంది. మరుక్షణం అత్త మళ్ళీ ఈ బొంతని మడిచి, బీరువా అడుగున దాచుకోవడం కళ్ళకి కట్టింది. ఈసారి ఏ తప్పూ చెయ్యకుండానే.

"బస్సుకి టైమైంది. వస్తా నాన్నా."

"వెళ్తున్నావా?"

అత్త గేటు దాటింది. రైలుబండి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి సంచి పట్టుకుంది.

"అత్తా, ఉతక్కు! ఎరుపు దిగుతుంది! నేను నానబెట్టలేదు. నీళ్ళు తేటగా వచ్చాయని తాతయ్యకి అబద్ధం చెప్పాను."

గుమ్మంలో తాతయ్య నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"మీ అత్త వెళ్ళిపోయేదిగా. ఎందుకు చెప్పావు?"

రైలుబండి సంచి ఇంకా వదల్లేదు. తల దించుకుని అంది. "నువ్వు... అత్తనే తిట్టేవాడివి."

తాతయ్య లోపలికి వెళ్ళి చిన్న కత్తెర తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"విప్పు."

బొంతని మళ్ళీ ముందుగదిలో పరిచారు. రైలుబండి ఎర్ర ముక్క చుట్టూ ఒక్కో కుట్టూ తెంపింది. అత్త బస్సు సంగతి వదిలేసి, పాపని పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని బొంత అంచు బిగించి పట్టుకుంది. కిటికీ దగ్గర స్నేహితులు అరిచారు.

"రైలుబండీ, రావే!"

"ఇవాళ రైలు లేదు. పొండి," అన్నాడు తాతయ్య.

ముక్కని ఉప్పునీళ్ళలో వేశారు. అత్త ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. చాన్నాళ్ళయింది ఆ ఇంట్లో నిద్రపోయి.

తెల్లవారగానే రైలుబండి బకెట్ ముందు కూర్చుంది. నీళ్ళు పారబోసింది, కొత్తవి పట్టింది, జాడించింది.

"నీళ్ళు తేటగా వచ్చాయా?" తాతయ్య లోపలి నుంచి అడిగాడు.

నీళ్ళు దాదాపు తెల్లగానే ఉన్నాయి. కొంచెం, చాలా కొంచెం గులాబీ రంగు.

"ఇంకా లేదు తాతయ్యా."

మళ్ళీ పట్టింది. చేతివేళ్ళు ముడతలు పడ్డాయి. మళ్ళీ అడిగాడు. మళ్ళీ "ఇంకా లేదు" అంది. చివరికి ఆ నీళ్ళని గాజుగ్లాసులో పట్టుకుని వచ్చింది. తాతయ్య గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. తల ఊపి కింద పెట్టాడు.

ముక్క ఆరాక తాతయ్య కుట్టడానికి కూర్చున్నాడు. సూది, దారం పట్టుకున్న చెయ్యి చాపాడు. మనవరాలి వైపు కాదు, అత్త వైపు.

"ఎక్కించు. నాకు కనపడి చావట్లేదు."

అత్త సూది తీసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్నా, అమ్మ బొంత... ఆ రోజే నీకు చెప్పాల్సింది..."

తాతయ్య ఎర్ర ముక్కని బొంత మధ్యలో సర్దుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఆ సంగతి నేనింక ఎత్తను. నువ్వూ ఎత్తకు."