మాస్కు తీయని గ్రేసమ్మ

"తీస్తావా, తీయవా? అదొక్కటి చెప్పు గ్రేస్!"

జాషువా మాస్టారి గొంతు వీధిలోకి వినిపించింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన భార్య మీద గొంతెత్తిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆదివారం ఉదయం... గుడి మొదటి గంట అప్పుడే కొట్టారు. గ్రేస్ తెల్లచీర కట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. ముఖాన ఆకుపచ్చ మాస్కు! తొమ్మిది రోజులుగా ఇంట్లో ఎవరూ ఆమె ముఖం చూడలేదు. అన్నం కూడా వంటింట్లో గోడవైపు తిరిగి తింటోంది. రాత్రి ఉతికి ఆరేసుకుని, ఇంకొకటి కట్టుకుని పడుకుంటోంది.

స్వైన్ ఫ్లూ అని టీవీల్లో మొదలైనప్పుడు ఏలూరు మందుల షాపుల ముందు మాస్కుల కోసం జనం తోసుకున్నారు. ఆ తరువాత వాదనలు మొదలయ్యాయి. రోగం ఉన్నవాళ్ళే కట్టుకోవాలని ఒక డాక్టరు, లేనివాళ్ళే కట్టుకోవాలని ఇంకొక డాక్టరు, ఎవరికీ అక్కర్లేదని మూడో ఆయన! చివరికి చర్చి సంఘ పెద్దలు కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఎవరూ మాస్కుతో రాకూడదని తీర్మానించారు. తన చేత్తో ఆ తీర్మానం రాసింది కార్యదర్శి అయిన జాషువాయే!

"పోయిన ఆదివారం గుడికే రాలేదు. పాస్టరు ఎలీయాజరు గారు నలుగురిలో ఏమన్నారో తెలుసా? 'ఏం మాస్టారూ, మీ ఇంట్లోకి వచ్చింది ఫ్లూనా, అవిశ్వాసమా?' అన్నారు. జ్వరమైతే చెప్పు, హాస్పిటల్‌కి వెళదాం. భయమైతే చెప్పు, ప్రార్థన చేసుకుందాం. ఇవాళ కూడా నువ్వు బల్ల దగ్గరికి రాకపోతే నేను రాజీనామా చేసి, రేపట్నుంచి తలదించుకుని తిరగాలి!"

"నాకు తెలియడం లేదండీ..." అంది గ్రేస్.

అది అబద్ధం కాదు. తొమ్మిది రోజులుగా ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. భయమా? కాదే! నిన్న రైల్లో తెగ తుమ్ముతున్న మనిషి పక్కనే చోటుంటే కూర్చుంది. మొండితనమా? భర్త తలవంపులు తలచుకుంటే ఇప్పుడే తీసేద్దామనిపిస్తోంది. చేతులు చెవుల దాకా వెళతాయి... అక్కడ ఆగిపోతాయి. ఎవరి చేతులో అయినట్టు ఆగిపోతాయి!

మొదటిరోజు సంగతి మాత్రం గుర్తుంది. తాడేపల్లిగూడెం స్కూల్లో టీచర్లందరినీ మాస్కులు కట్టుకు రమ్మన్నారు. ఆ ఉదయం పాసింజరులో ఒకటే గోల.

"రోగం లేనివాడికి మాస్కెందుకండీ? వాన లేనప్పుడు గొడుగేసుకున్నట్టు!" అన్నాడు రోజూ వచ్చే వెంకట్రాజు.

"వానొచ్చి తడిశాక కొంటారేంటండీ గొడుగు?" అన్నాడు ఎదుటి సీటాయన.

"ఏవండీ, మా ఆవిడ నోటికి కట్టేదైతే చెప్పండి, డజను కొంటాను!" అన్నాడు ఇంకొకాయన.

పెట్టంతా నవ్వింది. అలవాటుగా గ్రేస్ కూడా నవ్వింది. కాదు, నవ్వాననుకుంది! గుడ్డ కింద పెదవులు కదలనే లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఆమెకు తప్ప. ఎంత వింత! భీమడోలు స్టేషను దాటేసరికి ఆ పెదవులు తమంతట తామే "అమ్మా" అన్నాయి. శబ్దం లేదు. ఎవరూ తల తిప్పలేదు.

జూన్‌లో కొల్లేటి లంకలో తల్లి పోయింది. గ్రేస్ కన్నీటి చుక్క రాల్చలేదు. శవపెట్టె మీద పూలు సర్ది, తనే పాట ఎత్తుకుని, వచ్చినవాళ్ళందరికీ టీలు ఇప్పించింది. "ఎంత నిబ్బరమమ్మా! విశ్వాసానికి సాక్ష్యమంటే అదీ!" అని ఎలీయాజరు గుడిలో నిలబడి చెప్పారు. అందరూ తిరిగి ఆమె ముఖం చూశారు. ఆనాటి నుంచి ఆ ముఖాన్నే మోస్తోంది...

ఫ్లూ భయంతో నాలుగు రోజులుగా మంచం వరండాలోకి మార్చుకున్న అత్తగారు పాపమ్మ, కొడుకు కేకలకు గుమ్మంలోకి వచ్చింది.

"రోగముంటే అది కట్టుకోవాలంటారు, లేకపోతే నేను కట్టుకోవాలంటారు. ఎవరం కట్టుకోవాలో ముందు తేల్చి చావండర్రా!" అంటూ కోడలి దగ్గరికి వెళ్ళి నుదుటిమీద చెయ్యివేసింది. చల్లగా ఉంది. ఆ చెయ్యి జారి మాస్కు మీద ఆగింది.

"ఇది తడిసుందేంటే గ్రేసమ్మా?"

గ్రేస్ ముఖం పక్కకు తిప్పుకుంది.

"మీ అమ్మ పోయినరోజు దేంతో తుడుచుకున్నావే కళ్ళు?"

"నేను... ఏడవలేదత్తయ్యా."

"ఎట్టా ఏడుస్తావూ! మా రోజుల్లో చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళం. నీకు చెంగేదీ? టీచరమ్మవి... మడతలు పెట్టి భుజానికి పిన్ను కొట్టేస్తావు. ఏడుద్దామన్నా చేతికి రాదు గదే!"

పాపమ్మ ఆ పిన్ను ఊడదీసింది. మడతలు జారిపోయాయి. చెంగు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. గ్రేస్ మాస్కు ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. చెంగు నోటికి అడ్డుపెట్టుకుని కూలబడిపోయింది. మూడు నెలల ఏడుపు... ఒక్కసారిగా!

"మీ అమ్మ గురించా? ఇన్నాళ్ళ తరువాతా?" జాషువా అయోమయంగా చూశాడు.

"నోర్ముయ్యరా! ఆ మాస్కు నీకు కట్టాలి!" అంది పాపమ్మ.

రెండో గంట కొట్టారు. గ్రేస్ లేచింది. ముఖం కడుక్కోమని ఎవరూ అనలేదు. చెంగు ముక్కూ నోరూ కప్పి పట్టుకునే గుడికి నడిచింది, అలాగే బల్ల దగ్గరికీ వెళ్ళింది. ఎలీయాజరు చేతిలో రొట్టె ఆగిపోయింది. మాస్కు కూడదన్నారు, సరే... చెంగు మాటేమిటి? తీర్మానంలో లేదే! ఆయన కార్యదర్శి వైపు చూశాడు.

జాషువా వచ్చి భార్య పక్కన మోకరించాడు.

"ఏడుస్తోందండీ," అన్నాడు మెల్లగా. "వాళ్ళమ్మ పోయింది..."

ఆ ఉదయమే పోయినట్టు చెప్పాడు. గ్రేస్ చెంగు దించింది.