నలభై ఒకటో జవాబు

ఆ ఉదయం ప్రూఫు మాస్టారి గదికి వచ్చినామె కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచి గుండెలకు హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రేపు పదింటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేసి పోలీసులకు అప్పగిస్తారటండీ. నేనే పాపమూ ఎరగను," అంది.

మాస్టారు ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ తప్పులు వెతికి, ఆ అలవాటు మానలేక డిటెక్టివ్ అయ్యారు. కంప్యూటరంటే ఆమడ దూరం కనక, ఆ బాధ్యత ఆయన సహాయకురాలిది. పూర్వం ఆవిడ టైపిస్టు. మాస్టారు తుమ్మినా ఏదో ఆధారం దొరికిందనుకుని నోటుపుస్తకం తెరిచే రకం.

వచ్చినామె గదులను వెచ్చబెట్టే హీటర్ల కంపెనీలో, ఈమెయిళ్ళకు జవాబులు పంపే విభాగంలో పనిచేస్తోంది. జవాబుల నమూనాలు తయారుచేసేది ఆమే.

"ప్రతి ఉత్తరానికీ కొత్తగా జవాబు రాయమండీ. నమూనా ఒక్కటే ఉంటుంది. మీట నొక్కితే మాక్రో అనే చిన్న ప్రోగ్రాము పేరూ, వినియోగదారు నంబరూ నింపేస్తుంది. ఆ తర్వాత షరతులు. కాలిన వాసన వస్తోందని రాస్తే ‘వెంటనే ఆపేయండి’ అన్న పేరా చేరాలి. లేకపోతే ‘భయం లేదు, వాడుకోండి’ అన్నది. ఎవరో ఆ షరతు మార్చేశారు. వాసన వస్తోందన్నవాళ్ళకీ భయం లేదనే వెళ్ళింది. అది నమ్మి ఒక పెద్దాయన చెయ్యి కాల్చుకున్నాడు."

"పంపేముందు ఎవరూ చదవరా?"

"రోజుకు మూడొందలండీ. పైన పేరు సరిగ్గా పడిందో లేదో చూసి పంపేస్తాం. కిందికి చదవం." ఆమె తల దించుకుంది. "మార్పు జరిగింది పదకొండో తారీఖున, నా పాస్‌వర్డుతో."

"అది ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ... మా అక్కకు తప్ప. తనే మా సెక్షన్ హెడ్డు. నాకీ పని వేలు పట్టి నేర్పింది. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా తనే. ఫ్యాక్టరీ ఇంజినీరైతే ఎప్పుడూ నా సీటు వెనకే తచ్చాడుతుంటాడు. హెచ్చరిక పేరా తీసేయమని నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాడు."

సహాయకురాలు ‘ఇంజినీరు’ అని రాసి కింద రెండు గీతలు గీసింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఆ ఆఫీసుకు వెళ్ళారు. ఇంజినీరు దాపరికం లేకుండా మాట్లాడాడు.

"తీసేయమన్నాను, నిజమే. ఆ హెచ్చరికలు ఇలాగే వెళ్తే హీటర్లన్నీ వెనక్కి తెప్పించాల్సొస్తుంది. మేనేజరుగారి బాధా అదే. కానీ ఆ షరతులు పెట్టడం నాకు రాదు సార్. స్క్రీన్ చూస్తేనే తల తిరుగుతుంది."

"మీ ఇంట్లో ఈ హీటరే వాడతారా?"

"మా ఇంట్లో అసలు హీటరే లేదు."

అక్క కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. "మా చెల్లి కావాలని చెయ్యదు సార్. ఏదో పొరపాటు పడుంటుంది. వదిలేయమని మేనేజరుగారి కాళ్ళావేళ్ళా పడుతున్నాను."

"మీ ఇంట్లో హీటరు?"

"మా అత్తగారి గదిలో ఉండేది. తీసేశాం."

మాస్టారు అదే ప్రశ్న చెల్లెలిని కూడా అడిగారు.

"మాదీ అదేనండీ. వాసనొస్తోందని మా ఆయన కంపెనీకి రాశాడు. భయం లేదని జవాబొచ్చిందట. సరే అని పాప గదిలోనే ఉంచాం. ఈ గొడవ బయటపడ్డాకే తీసేశాను."

పదకొండో తారీఖు నుంచి కాలిన వాసన గురించి వచ్చిన ఉత్తరాలన్నిటికీ వెళ్ళిన జవాబులను సహాయకురాలు ప్రింటు తీసింది. నలభై ఒకటి. మాస్టారు ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటీ చివరిదాకా చదివారు. నలభై జవాబుల్లో భయం లేదనే ఉంది. ఒక్కటి మాత్రం వెంటనే ఆపేయమంది.

"షరతు మార్చకముందు వెళ్ళినదేమో," అంది సహాయకురాలు.

"తేదీ పద్నాలుగమ్మా. ఆ వినియోగదారు నంబరు ఎవరిదో చూడు."

చూసిన సహాయకురాలు నోటుపుస్తకం తెరిచి ‘ఇంజినీరు’ అన్న మాట కొట్టేసింది.

మర్నాడు పదింటికి మేనేజరు గదిలో అందరూ చేరారు. మాస్టారు నిలబడే మాట్లాడారు.

"తప్పుడు జవాబు వెళ్ళిన ఇళ్ళన్నిటికీ నిన్ననే ఫోన్లు చేయించాం. ఇక అసలు విషయం. షరతు మార్చినవారు దాని లోపల మరో షరతు పెట్టారు. ఈ ఒక్క నంబరు వస్తే మాత్రం పాత హెచ్చరికే వెళ్ళాలని. అంటే హీటరు ప్రమాదమని తెలిసే చేశారు. ఆ నంబరు సెక్షన్ హెడ్డుగారి అత్తగారిది."

అక్క ముఖం పాలిపోయింది. అయినా తొణకలేదు. "మా అత్తగారంటే చెల్లికీ ప్రాణమే. తనే పెట్టుండొచ్చుగా?"

చెల్లెలు తలెత్తి అక్క వంకే చూసింది. నిన్నటిదాకా తనకోసం ఏడ్చిన మనిషి ఇంత మాట అనగలదని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"పెట్టుండొచ్చు," అన్నారు మాస్టారు. "కానీ మీ అత్తగారిని కాపాడుకున్న మనిషి, సొంత బిడ్డ పడుకునే గదిని వదిలేస్తుందా? ఇదిగో, పదహారున మీ చెల్లెలి భర్తకు వెళ్ళిన జవాబు. భయం లేదు, వాడుకోండి అని ఉంది. పాస్‌వర్డు తెలిసినవారు ఇద్దరే. ఇద్దరిలో ఈవిడ కాదు."

అక్క చూపు బల్ల మీదికి దించుకుంది.

"హెచ్చరికలు ఆగితే నన్ను అసిస్టెంటు మేనేజర్ని చేస్తామన్నారు," అంది. మేనేజరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. "ఇంట్లో నోటితో చెబితే నీకెలా తెలుసని మా ఆయన అడుగుతాడు. అందుకని అత్తయ్యకు కంపెనీ జవాబే వెళ్ళనిచ్చాను. ఎవరికీ ఏమీ కాదనుకున్నా."

"నా పాస్‌వర్డుతోనే ఎందుకు చేశావక్కా?"

"నిన్నైతే ఎవరూ ఏమీ అనరనుకున్నానే. ఇంత దూరం వస్తుందని తెలిస్తే చేసేదాన్నా?" అక్క లేచి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. "ఒట్టే, మీ ఇంట్లో ఆ హీటరుందని నాకు గుర్తే లేదు. ఉంటే నీ నంబరూ చేర్చేదాన్ని కాదూ?"

చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పాప పుట్టినప్పుడు అది కొని తెచ్చిచ్చింది నువ్వే కదక్కా," అంది.