అందిందా, బంగారం?

దర్జీ ఆమె డిటెక్టివ్ ఎదుటి కుర్చీలో కూర్చుంది గానీ, ఒళ్లో సంచిని మాత్రం వదల్లేదు.

"పడవ మునిగి ఏడాది దాటిందండీ," అంది. "అందరూ దొరికారు. మా ఆయన దొరకలేదు. మొన్న ఆయన నాకు డబ్బు పంపారు."

సహాయకురాలి కలం ఆగిపోయింది. డిటెక్టివ్ మాత్రం టీకప్పు నెమ్మదిగా కింద పెట్టాడు. వీధివాళ్లు ఆయనకు పెట్టిన పేరు నిదానం. ఇల్లు కాలుతున్నా చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాడని నవ్వుకునేవారు. ఆ నిదానమే ఎందరు దొంగల కొంప ముంచిందో సహాయకురాలికి తెలుసు. ఆమెకు ఆయన మాట వేదవాక్కు.

"ఎలా తెలిసింది?" అన్నాడు.

రేడియోలు బాగుచేసే ఆమె భర్త, తన మిగులంతా డిజిటల్ కరెన్సీగా దాచాడట. అప్పుడప్పుడు భార్యకు కాస్త పంపేవాడు. అది అందగానే ఇంట్లో పాత ఫోను మోగేది. గంట బదులు తన గొంతే పెట్టాడు, సరదా మనిషి: "అందిందా, బంగారం?" మొన్న కత్తెర మరిచిపోయి కొట్టు నుంచి వెనక్కొచ్చిన ఆమెకు గుమ్మంలోనే ఆ గొంతు వినిపించింది. ఫోను తీసి చూస్తే, ఆయన ఖాతా నుంచి అలాంటి జమలు అప్పటికే చాలా వచ్చి ఉన్నాయి. అన్నీ ఆమె కొట్లో ఉన్న వేళల్లోనే.

"నాకు డబ్బొద్దండీ. ఆయన ఉన్నారా, లేరా? రోజూ రెండో కంచం తీయడం, మళ్లీ లోపల పెట్టడం. అది తీయాలో వద్దో చెప్పండి చాలు."

 సహాయకురాలు మాట మార్చడానికి ఒక ప్రశ్న వేసింది. "అసలు డిజిటల్ కరెన్సీ అంటే ఏంటి సార్? అందరూ అనేవాళ్లే, చెప్పేవాళ్లు లేరు."

"నోటూ నాణెమూ లేకుండా, కంప్యూటర్ల లెక్కల్లోనే ఉండే డబ్బు. ప్రభుత్వాలు నడిపేవీ ఉన్నాయి. వీళ్లాయన వాడింది ఎవరి పెత్తనమూ లేని రకం. ఈ ఖాతా నుంచి ఆ ఖాతాకు ఇంత వెళ్లిందని వేల కంప్యూటర్లు ఒకేసారి రాసుకుంటాయి. ఆ రాత ఎవరైనా చూడొచ్చు, ఎవరూ చెరపలేరు. తాళం ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది. ఆ తాళం తయారయ్యేది పన్నెండు మాటలతో. అవి తెలిసినవాళ్లు ఏ ఫోనులోనైనా తెరవొచ్చు."

"తెరిచింది ఆయనేనని ఆ లెక్క చెప్పదా?" అంది దర్జీ.

"చెప్పదమ్మా. తాళం తిరిగిందని చెప్తుంది. తిప్పిన చెయ్యి ఎవరిదో చెప్పదు."

మర్నాడు ఇద్దరూ ఆమె ఇంటికి వెళ్లారు. ముందుగదిలో కిటికీ కింద మంచి వెలుతురు ఉంది. దర్జీ అత్తగారు కూర్చున్న కుర్చీ మాత్రం మూల చీకట్లో, అల్మారాను ఆనుకుని ఉంది. అల్మారాలో ఆ పాత ఫోను.

"చార్జింగ్ నిండా ఉందే," అన్నాడు డిటెక్టివ్.

"నేను పెట్టనండీ. ముట్టుకోవాలంటేనే భయం," అంది దర్జీ.

ఆయన శబ్దం మీట చూశాడు. చివరికంటా పెంచి ఉంది. తర్వాత, అత్తగారి కుర్చీ పక్కనే నిలబడ్డ దర్జీ మరిదివైపు తిరిగాడు.

"పన్నెండు మాటల కోసం వెతికారా?"

"వెతికాను. అన్నయ్య కొట్లో ప్రతి డబ్బా తిరగేశాను, వదినకు ఆధారమవుతుందని. ఆయన దేన్నీ రాసిపెట్టే రకం కాదు. అడిగితే, భద్రంగా ఉన్నాయిరా, అదీ... ఏదో అనేవాడు."

"ఎలక కొరకని చోట," అని అందించింది అత్తగారు, తలెత్తకుండానే.

డిటెక్టివ్ ఆమె దగ్గరికి వెళ్లి గొంతు పెంచాడు. "మాట భలే అందించారు. నాటకాలు ఆడేవారా అమ్మా?"

"ఆడలేదు నాయనా. తెర వెనక నిలబడి, మరిచిపోయినవాళ్లకు మాట అందించేదాన్ని. ఇప్పుడు చెవులు మందగించాయి. మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు."

వీధిలోకి రాగానే సహాయకురాలు ఆగలేకపోయింది. "మరిదే సార్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడిగిందానికంటే ఎక్కువే చెప్పాడు."

"వచ్చిన సొమ్ము చూశావా? పంపగలిగినంతలో అతి తక్కువ. పంపడానికి కోసుకునే రుసుము దానికి ఎన్నో రెట్లు. గుండుసూది పంపడానికి లారీ మాట్లాడుకునేవాడు దొంగ అవుతాడా?"

సాయంత్రం ముగ్గురినీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు. ఎప్పటికంటే నిదానంగా మొదలుపెట్టాడు.

"పంపినవాళ్లకు డబ్బుతో పని లేదు. డబ్బు అందినప్పుడు మోగేదానితోనే పని. వినేవాళ్లు ఈ ఇంట్లోనే ఉన్నారు. వెలుతురు వదులుకుని ఫోను పక్కన కూర్చున్నారు. చెవులు చాలక శబ్దం పెంచారు. ఎక్కడ ఆగిపోతుందోనని చార్జింగ్ పెడుతూ వచ్చారు. ఇక ఎలక కొరకని చోటంటే, విన్నది మరవని మనిషి తల."

దర్జీ అత్తగారివైపు తిరిగింది. ముసలామె కొంగు కింద నుంచి తన ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వాడే నేర్పాడు," అంది. "ఇవి నీ దగ్గరుంచమ్మా, నాకేమైనా అయితే కోడలికి ఇచ్చెయ్ అన్నాడు."

"మరి ఇవ్వలేదేం అత్తయ్యా?"

"ఇచ్చేస్తే వాడు పోయినట్టేగా తల్లీ."

మరిది తల దించుకున్నాడు. సహాయకురాలికి అతని మొహం చూడాలంటే సిగ్గేసింది.

"అంటే ఆయన లేరు," అంది దర్జీ.

"పంపింది ఆయన కాదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "లేరనే నేననుకుంటున్నాను."

ఆమె ఏడవలేదు. ఏడాదిగా గుమ్మంవైపే ఉండే చూపును ఇటు తిప్పుకుంది, అంతే.

"ఆ గొంతు ఊరికే కూడా వినొచ్చమ్మా, రుసుము దండగ," అన్నాడు మరిది మెల్లగా.

"ఊరికే వింటే వాడి గొంతేరా. పంపితే వాడు అడిగినట్టుంటుంది." ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ సొమ్ము కొంత పాడుచేశాను. మిగిలింది నీదే. పన్నెండూ చెప్తాను, రాసుకో."

"తర్వాత రాసుకుంటాను," అంది దర్జీ. "ముందు ఒక్కసారి పంపండి. ఇద్దరం విందాం."

ముసలామె వేలు ఫోను తెర మీద కదిలింది. కాసేపటికి ఆ చిన్న గదిలో, నవ్వు ఆపుకుంటున్న మగగొంతు నిండుగా పలికింది.

"అందిందా, బంగారం?"

దర్జీ పెదవులు విడివడ్డాయి గానీ మాట బయటికి రాలేదు. అత్తగారు ఆమె చెవి దగ్గరికి వంగి, వెనకటి రోజుల్లో తెర చాటు నుంచి అందించినట్టే, మెల్లగా అందించింది.

"అందిందని చెప్పు తల్లీ."

"అందిందండీ," అంది దర్జీ.