పంపుహౌసు గోడ మీది గీత

కాలవ గట్టు మీద పాత పంపుహౌసు ఒకటుంది. లేతు మిషన్ల షెడ్లు, టైర్ల గోదాము దాటాక, వీధి దీపాలు అయిపోయిన చోట. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. పోయినవాళ్ళని లోపల్నుంచి ఎవరో అడుగుతారట —

"ఎంత?"

అంతే. ఒక్క మాట. ఏది ఎంతో చెప్పరు.

ఒక ఎలక్ట్రీషియను, టైము అడుగుతున్నారేమో అనుకుని, "ఎనిమిదిన్నర" అన్నాడట. మూడు రోజులు మూసిన కన్ను తెరవకుండా జ్వరం. ఒక టైలరు అలవాటు కొద్దీ "నడుము ముప్పై నాలుగు" అనేసి, అన్నాక ఒళ్ళు తెలిసి పరుగందుకున్నాడట. వారం రోజులు కత్తెర పట్టలేకపోయాడు. నలభై ఏళ్ళుగా ఆ చోటుకి ఉన్న పేరు ఇది.

ఇదంతా ఆపరేటరమ్మకి చెప్పింది జిరాక్స్ షాపాయన.

ఆపరేటరమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై రెండేళ్ళు రాత్రి డ్యూటీ చేసిన మనిషి. ఎక్స్ఛేంజీ మూసేసి ఆవిణ్ణి ఇంటికి పంపేశారు గానీ, ఆ సంగతి ఆవిడ ఒంటికి ఇంకా ఎక్కలేదు. దీపాలు వెలిగే వేళకి కాళ్ళు నిలవవు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి... కూర్చుంటే చెవి దగ్గర ఏదో మోగుతున్నట్టే ఉంటుంది. లేస్తే ఏమీ ఉండదు.

"అక్కా, నాకు కల్లో కూడా నీ చెప్పుల చప్పుడే," అంది చెల్లెలు ఒకరోజు. "తిరగాలనుంటే బయట తిరుగు తల్లీ. నన్ను పడుకోనీ."

అలాంటి రోజుల్లోనే కాగితాలేవో కాపీ తీయించుకోడానికి వెళితే, షాపాయన భూతద్దం పెట్టుకుని ఒక పాత పటం మీద వాలిపోయి ఉన్నాడు.

"ఈ చుక్క పక్కన అంకె చూశారా? సముద్రం కన్నా ఈ చోటు ఎంత ఎత్తులో ఉందో అది చెబుతుంది. వెనకటికి సర్వే వాళ్ళు కొలిచి, అక్కడే ఏ గోడకో వంతెన రాయికో ఒక గీత చెక్కించారు. దాని కింద బాణం గుర్తు. బెంచ్ మార్క్ అంటారు. అందరూ మర్చిపోయారు. నేను వెతుక్కుంటుంటాను."

"దొరికితే ఏం చేస్తారు?"

"ఫోటో తీస్తాను. నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఇంటికొచ్చేస్తాను."

"అంతేనా?"

"అంతేనండీ. గీకకూడదు, పెకలించకూడదు. చూసి రావడమే."

ఇంత పనికిమాలిన పని ఉంటుందని ఆవిడ ఎన్నడూ వినలేదు. మర్నాడే మొదలుపెట్టేసింది.

కిటుకులన్నీ ఆయనే నేర్పాడు. అరిగిపోయిన గీత పగలు చచ్చినా కనపడదు. చీకట్లో టార్చిని గోడకి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పారిస్తే... గోరంత గాడి అయినా నీడ పడి పైకి తేలుతుంది. రాత్రిళ్ళు ఏం చేయాలో తోచని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మూడు వారాల్లో నాలుగు దొరికాయి. మొదటిది మిల్లు గేటు స్తంభం మీద, సినిమా పోస్టరు అంచున. గోడకి చెంప ఆనించి నిలబడ్డ ఆవిణ్ణి చూసి వాచ్‌మన్, "ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఐదోది పంపుహౌసు.

"అదొక్కటీ వదిలేయండి," అన్నాడు షాపాయన. గొంతు తగ్గించి కథంతా చెప్పాడు. "నేను పదేళ్ళుగా వదిలేశాను. కావాలంటే ఆదివారం పొద్దున్నే వెళ్దాం."

"పగలు ఎప్పుడైనా వెళ్ళారా?"

"వెళ్ళాను. గీత కనపడలేదు."

"మరి?"

ఆయన మళ్ళీ పటం మీదికి వంగాడు. ఆ రోజు గురువారం. ఆదివారం దాకా ఆగడం ఆవిడ వల్ల కాలేదు. పటంలో ఆ చుక్క పక్కనున్న అంకె నోట్‌బుక్కులో రాసుకుని, రాత్రి ఎనిమిదింటికి టార్చీ, నోట్‌బుక్కూ సంచీలో వేసుకుని బయల్దేరింది.

షెడ్లు మూసేశారు. గోదాము దగ్గర ఆఖరి దీపం. ఆ తర్వాత కాలి కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు. పంపుహౌసు తలుపు ఎప్పుడో పోయింది. నల్లగా నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ అటు చూడకుండా బయటి గోడ పట్టుకుంది. మూల రాయి దగ్గర వంగి టార్చి పక్కనుంచి వేసింది...

నాచు. పగుళ్ళు. ఎవడో రాసుకున్న పేరు. ఇంకొంచెం కిందికి దించింది —

గీత. దాని కింద బాణం. నిన్న చెక్కినంత స్పష్టంగా.

ఆవిడకి నవ్వొచ్చింది. ఫోను తీయబోయింది.

"ఎంత?"

చెవి పక్కనే అన్నట్టు వినపడింది. బెదిరింపు లేదు, ఏడుపు లేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, జవాబు కోసం కూర్చున్న మనిషి అడిగినట్టు... అడిగి ఆగినట్టు.

టార్చి చేతిలోంచి జారింది. కంగారుగా తీసుకుంది. గోదాము దీపం కిందికి ఎలా వచ్చి పడిందో ఆవిడకే తెలీదు. ఇంటికి పోదామని రెండడుగులు వేసింది —

వెనక నుంచి ఇంకో చప్పుడు. దగ్గు. తర్వాత సన్నగా, "అమ్మా..."

ఆవిడ నిలబడిపోయింది. దెయ్యాలు దగ్గుతాయని షాపాయన చెప్పలేదు. పైగా ఇరవై రెండేళ్ళలో ఆవిడకి తెలిసిందల్లా ఇదే — కొన్ని పిలుపులు విన్నాక తీగ పీకేసి పోవడం కుదరదు.

వెనక్కి వెళ్ళింది. ఈసారి గుమ్మంలోంచి టార్చి వేసింది.

నేల చెక్కలతో కప్పి ఉంది. ఒక చెక్క విరిగి, ఆ సందులో తొడ దాకా దిగిపోయి ఒక ముసలాయన. రెండు చేతులతో ఇనప గొట్టం వాటేసుకుని ఉన్నాడు. కింద ఎంతో లోతున నల్లటి నీళ్ళు.

"కదలకండి," అంది ఆవిడ గుసగుసగా.

"కదిలితే పోతానని నాకూ తెలుసమ్మా," అన్నాడాయన.

గోడవారన పాక్కుంటూ వెళ్ళి, ఆయన చంకల కింద చేయి వేసి గట్టిగా పట్టుకుంది. ఆయన చొక్కా జేబులో ఒక కార్డుంది. తప్పిపోతే ఫోన్ చేయమని నంబరు. ఒంటి చేత్తో కలిపింది. అవతల ఆయన కూతురు. ఊరంతా వెతుకుతోందట. పావుగంటలో వస్తానంది.

చెక్క కిర్రుమంది. ఆయన వణకడం మొదలుపెట్టాడు.

"లైన్లోనే ఉండండి," అంది ఆవిడ ఆయనతో, తన పాత గొంతుతో. "పెట్టేయకండి. నేనిక్కడే ఉన్నాను."

"ఎవరమ్మా నువ్వు?"

"గోడ మీద గీత చూడ్డానికొచ్చాను."

ఆయన గొట్టం మీంచి తలెత్తాడు. "ఉందా?" అన్నాడు.

"ఉంది. బాణం కూడా."

"చెక్కించింది నేనే. కానీ... అంకె గుర్తు రావట్లేదమ్మా. ఎంత గింజుకున్నా రావట్లేదు."

అప్పటికి ఆవిడకి ఊపిరి ఆడింది. మతిమరుపు మనిషి. తను మర్చిపోయిన అంకె తనే అడుక్కుంటున్నాడు. ఇంతేనా? దీనికా టైలరు వారం రోజులు కత్తెర పట్టలేకపోయింది?

ఆటో దీపాలు పడ్డాయి. కూతురూ, ఆటో డ్రైవరూ కలిసి ఇంకో పలక అడ్డం వేసి ఆయన్ని పైకి లాగారు. కాలు గీరుకుపోయింది, విరగలేదు. కూతురు చున్నీతో తండ్రి కాలికంటిన నెత్తురు తుడుస్తూ, ఏడుపు ఆపుకుంటూ చెప్పుకొచ్చింది.

"నాకు బదిలీ అయి సోమవారమే ఈ ఊళ్ళో దిగామండీ. నాన్న ఇంతవరకూ గేటు దాటలేదు. కుర్రతనంలో ఇక్కడ సర్వే పని చేశారట. ఎత్తు కొలిచే మిషన్లోంచి చూసి ఈయన అంకె చెబితే, స్నేహితుడొకాయన ఆ గదిలో కూర్చుని రాసుకునేవాడట. ఒకరోజు ఆయన అడిగాడు... నాన్న చెప్పేలోపే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట."

ఆపరేటరమ్మ తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది.

సోమవారం. ఈ రోజు గురువారం. టైలరు పరిగెత్తింది ఏ కాలం నాడో.

ఆవిడ మెల్లిగా ముసలాయన వైపు తిరిగింది. "ఇందాక... ఎంత అని అడిగింది మీరే కదూ?"

"నేనెందుకు అడుగుతానమ్మా?" అన్నాడాయన. "నేను చెప్పాల్సినవాణ్ణి."

డ్రైవరు ముందుకెళ్ళి ఆటో తిప్పుతున్నాడు. కూతురు తండ్రిని పట్టుకుని నాలుగడుగులు నడిచి, ఉన్నట్టుండి ఆపరేటరమ్మ వైపు తిరిగింది.

"ఏంటండీ, ఎంత అంటున్నారు? ఏది ఎంత?"

ఆ మాట అన్నది ఆపరేటరమ్మ కాదు.

ముసలాయన నిలబడిపోయాడు. పంపుహౌసు వైపు తిరిగాడు. పెదాలు కదులుతున్నాయి గానీ ఏమీ రావట్లేదు. ఆవిడ వైపు చూశాడు... బడిలో లెక్క మర్చిపోయిన పిల్లాడిలా.

ఆవిడ సంచీలోంచి నోట్‌బుక్ తీసింది. పేజీ దొరకబుచ్చుకుని, టార్చి వెలుగులో చూసి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

ఆయన వెన్ను నిటారయింది. మైదానానికి అవతల ఉన్నవాడికి వినపడేట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు —

"రెండొందల... పద్నాలుగు... పాయింట్ ఆరు."

కాలవ మీద గాలి. దూరంగా ఆటో ఇంజను. ముగ్గురూ ఆ నల్లటి గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపు చూసినా లోపల్నుంచి ఇంకే మాటా రాలేదు.

"పదండి," అన్నాడు ముసలాయన. "రాసుకున్నాడు."